షావుకారి అరికాలు

ముప్పై మంది ఆడవాళ్ళ మధ్య నా పాదాల మీద పెద్ద చర్చ జరిగింది. ఆమదాలవలసలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు కాబట్టి నేనే చెప్పేస్తే మర్యాదగా ఉంటుంది. వేరేవాళ్ళు చెబితే లేనిపోని మసాలా కలుపుతారు.

నా పేరు భీమశంకరరావు. స్టేషను రోడ్డులో మాకు ధాన్యం కొట్టు ఉంది. వయసు అరవై రెండు. పన్నెండేళ్ళుగా షుగరుంది. మాత్రలు నేను మరిచిపోతే మా ఆవిడ పార్వతీదేవి మరిచిపోదు. మా నాన్న నాకు ఆస్తి కంటే ముందు ఒక విద్య ఇచ్చాడు. ఎండబోసిన ధాన్యంలోకి చెప్పులు విడిచి దిగాలి. నాలుగడుగులు వేసేసరికి ఆరిందో లేదో అరికాలు చెప్పేయాలి. పైన ఎండి అడుగున తేమ దాచుకున్న రాశి చేతికి దొరకదు, కాలికి దొరుకుతుంది. "సావుకారు కాలెట్టినాడంటే మరి మాటనేదు" అనేవారు రైతులు. రెండేళ్ళ క్రితం తేమ చూసే మిషను కొన్నాను. మిషను మాటకైతే ఎవరూ ఎదురు చెప్పరు, అందుకే కొన్నానని అందరికీ చెప్పాను. నేను కూడా అదే అనుకున్నాను.

ఇక అసలు కథ. విజయనగరంలో మా అమ్మాయి సింధూరికి కాన్పు కష్టమైంది. ఆ పూట ఆసుపత్రి వరండాలో నిలబడి, తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొస్తే డోలోత్సవానికి శ్రీకూర్మం దాకా చెప్పుల్లేకుండా నడిచి వస్తానని మొక్కేసుకున్నాను. ఇద్దరూ బంగారంలా ఇంటికొచ్చారు. మనవరాలు ఇప్పుడు నా మీసం పీకే పనిలో ఉంది. మొక్కు తీర్చాలా వద్దా? తీర్చాల్సిందే. పాతిక కిలోమీటర్లు, మార్చి ఎండ, తారు రోడ్డు.

పార్వతి అడ్డం పడింది. దానికో కారణముంది. మా అన్నయ్య గణపతిరావుకీ షుగరే. కాలికి బొబ్బ లేస్తే ఆయనకి తెలియలేదు. అది పుండైనా తెలియలేదు. తెలిసేసరికి విశాఖపట్నంలో మోకాలి కింద దాకా తీసేశారు. "మీరూ ఆ కడుపున పుట్టినోరే కదా" అంది పార్వతి. అన్నయ్యది అజాగ్రత్త, నాది అలాంటి కాలు కాదు అన్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆవిడ కుందేలుకి రెండే.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కొట్టు పైన మాకో హాలుంది. ఆ వారం అక్కడ ఆశా కార్యకర్తలకి శిక్షణ జరుగుతోంది. షుగరున్నవాళ్ళ కాళ్ళలో నరాలు మొద్దుబారుతుంటే, పుండు పడక ముందే ఎలా కనిపెట్టాలో నేర్పుతారు. అభ్యాసానికి షుగరున్న మనిషి కావాలని అడిగారు. నేను వెళ్ళి కూర్చోవాలి. కాళ్ళు బాగున్నాయని వాళ్ళంటే నడుస్తాను. బాగులేవంటే నోరెత్తకుండా ఆటో ఎక్కుతాను. మనవరాలి మీద ఒట్టేశాను. డోలోత్సవం ఇంకా మూడు రోజులుంది.

పరీక్షకి ముందే ప్రశ్నాపత్రం చూసినట్టుంటుందని నేను ఉదయమే మేడెక్కి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాను. టీలు పంపించే వంక ఎలాగూ ఉంది. నేర్పే ఆవిడ రాధిక సిస్టరు. నెల్లిమర్ల అమ్మాయి, చేతికి గడియారం, ముఖాన నవ్వు, గొంతు మాత్రం హెడ్మాస్టరుది. పెన్నులాంటి పిడికి చివర ఒక నైలాను పోగు గుచ్చి ఉంది. ఆ పోగుని పాదానికి ఆనించి, అది వంగేదాకా నొక్కి, తీసేయాలి. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి మడమ, పాదం పైభాగం దాకా మొత్తం పది చోట్ల. మనిషి కళ్ళు మూసుకుని, తగిలినప్పుడల్లా "ఆఁ" అనాలి.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి" అంది సిస్టరు. "తెలుస్తుందా అని అడగొద్దు. అడిగితే మనోళ్ళు మొహమాటానికి తెలుస్తాదనీస్తారు. మీరు మాటాడకండా ముట్టుకోండి, పలికితే పలుకుతారు, నేకపోతే నేదు."

ముందు ఒకరి కాళ్ళ మీద ఒకరు నేర్చుకున్నారు. అదో తమాషా. మరిడమ్మ అని పొందూరు వైపు నుంచి ప్యాసింజరులో వచ్చిన పెద్దావిడ, తనకంటే పెద్దదాని పాదం ముట్టుకున్న ప్రతిసారీ ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటోంది. పది చోట్లకి పది దణ్ణాలు. పాదం ఇచ్చినావిడ కూడా ఊరుకోకుండా "ఆఁ" అనాల్సిన చోట "సల్లగుండు" అంటోంది. "అమ్మా, పరీక్ష సేయండి, పూజ కాదు" అని సిస్టరు మొత్తుకుంది. హాలంతా నవ్వులు.

మధ్యాహ్నం నా వంతు వచ్చింది. కాళ్ళు శుభ్రంగా కడుక్కుని, బల్ల మీద చాపి, కళ్ళ మీద తువ్వాలు వేసుకున్నాను. ముందు శైలజ వచ్చింది. మా కొట్టు ఎదుటి ఇంటి కోడలు, నన్ను మావా అని పిలుస్తుంది, చురుకైన పిల్ల, ఏ పనైనా గడగడా చేసేస్తుంది.

నేను "ఆఁ" అన్నాను. మళ్ళీ "ఆఁ". మళ్ళీ మళ్ళీ "ఆఁ". ఒక కాలు, రెండో కాలు.

"పదికి పది సిస్టర్. రెండు కాళ్ళకీ" అంది శైలజ.

నాకు వచ్చిన సంతోషం చెప్పలేను. బడిలో కూడా నాకెప్పుడూ పదికి పది రాలేదు. శ్రీకూర్మం రోడ్డు కళ్ళ ముందు పరుచుకుంది. దారిలో ఎక్కడ మజ్జిగ తాగాలో కూడా నిర్ణయించేసుకున్నాను. పార్వతికి ఫోను చేద్దామని లేవబోతుంటే, "ఒక్క నిమషం సావుకారు బాబూ, నానూ సేసీసి ఎల్లిపోతాను" అని వినబడింది.

దాలమ్మ. మా వెనక వీధి ఆశా కార్యకర్త. నలభై దాటాయి. మూడేళ్ళ క్రితం భర్త పోయాడు, పిల్లల్ని తనే చదివించుకుంటోంది. మనిషి మంచిదే గాని మహా నిదానం. కూర కొన్నా, కాగితం రాసినా రెండుసార్లు చూస్తుంది. నాకు నిదానం మనుషులంటే ఒళ్ళుమంట.

సరే, మళ్ళీ తువ్వాలు వేసుకుని పడుకున్నాను. ఎంతసేపటికీ మొదలుపెట్టదు. పోగు ఎక్కడ పడేసుకుందో వెతుక్కుంటోంది కాబోలు అనుకున్నాను. కిందెవరో బస్తాలు దింపుతున్నారు, అది వింటూ ఉన్నాను. ఆఖరికి మడమ దగ్గర తగిలింది. "ఆఁ" అన్నాను. పాదం పైన తగిలింది. "ఆఁ" అన్నాను. అంతే, లేచిపోయింది.

"పదిలో రెండే సిస్టర్" అంది దాలమ్మ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రెండు సోట్ల ముట్టుకుని లేచిపోయి, పదిలో రెండంటావేటి? మిగతా ఎనిమిదీ ఎవరి కాలికి సేసేవు?"

"మీ కాలికే బాబూ. పదీ ముట్టుకున్నాను."

సిస్టరు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకే మనిషి, ఒకే కాలు. ఒక కార్డులో పది, ఇంకో కార్డులో రెండు. దాలమ్మ చేత తన అరచేతి మీద పోగు ఆనింపించుకుంది. పోగు సరిగ్గానే వంగింది. శైలజని మళ్ళీ చెయ్యమంది. నేను మళ్ళీ పదిసార్లు "ఆఁ" అన్నాను, ఈసారి కొంచెం గట్టిగా. ఇక వాదన దేనికి?

"దాలమ్మగారూ, మీకు ఇంకా సెయ్యి తిరగలేదు. మీ కార్డు మీద ఇయ్యాల సంతకం పెట్టలేను. రేపు మళ్ళా రండి" అంది సిస్టరు, మెత్తగానే.

"నా కాళ్ళ మీద మటుకు వద్దు. నాకు నడక ఉంది" అన్నాను నేను.

దాలమ్మ వెళ్ళలేదు. గోడ పక్కన నిలబడి, పోగుని తన మోచేతి మీద ఆనించుకుంటూ, శైలజ వైపు చూస్తూ ఏదో ఆలోచించుకుంటోంది. రెండోసారి చూసే అలవాటు ఉంది కదా, మూడోసారి కూడా చూస్తోంది కాబోలు అని విసుక్కున్నాను. అప్పుడు దాలమ్మ వెళ్ళి సిస్టరు చెవిలో ఏదో చెప్పింది. సిస్టరు ముఖంలో నవ్వు పోయి, కనుబొమలు పైకి లేచాయి.

"ఇంకొక్కసారి బాబూ" అంది సిస్టరు. "ఇదే ఆఖరు."

ఆఖరు అన్నారు కదా అని తువ్వాలు వేసుకున్నాను. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. తగిలింది. "ఆఁ." మళ్ళీ తగిలింది. "ఆఁ." ఐదోసారి "ఆఁ" అనేసరికి ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత ముప్పై మందీ పకపకా నవ్వేశారు. తువ్వాలు లాగి చూశాను.

నా కాళ్ళ దగ్గర ఎవరూ లేరు. పోగు సిస్టరు చేతిలో ఉంది. శైలజ ఎక్కడో కిటికీ దగ్గర నిలబడి, ఖాళీ చెయ్యి గాలిలో ఆడిస్తోంది. ముంజేతి సగం దాకా ఆకుపచ్చ గాజులు, అవే గలగలమంటున్నాయి.

"ఏటిది? నా కాలికి తగిలింది. ఒట్టు" అన్నాను.

నేను అబద్ధమాడలేదు. ఇప్పటికీ అదే చెబుతాను. నాకు నిజంగా తగిలినట్టే ఉంది. సిస్టరు నా పక్కన కుర్చీ వేసుకుని నెమ్మదిగా చెప్పింది. "మీరు అబద్ధమాడారని ఎవరూ అనడం నేదు బాబూ. గాజులు వినబడగానే, ఇప్పుడు ముట్టుకుంటారని మీ మనసుకి తెలిసిపోతంది. కాలు సెప్పాల్సింది సెవి సెప్పీసింది. దాలమ్మగారి సేతికి గాజులు నేవు, అందుకే మీకేటీ వినబడలేదు."

నవ్వులు ఆగిపోయాయి. అందరూ దాలమ్మ చేతుల వైపు చూశారు. ఆవిడ కొంగు చేతుల మీదకి లాక్కుంది. నేను తువ్వాలు మడతపెట్టాను. ఇలాంటప్పుడు అరవడం నా అలవాటు, ఆ రోజు అరుపు రాలేదు.

సిస్టరు లేచి నిలబడింది. "చూశారా? పొద్దుట్నుంచి మీరు రాసిన కార్డులన్నీ పనికిరావు. మీ ఊళ్ళకెళ్ళి ఇలాగే సేస్తే, కాళ్ళు పోతన్నోళ్ళకి కూడా బాగుందని రాసి వచ్చీస్తారు. అందరూ గాజులు తీసి పక్కన పెట్టండి, మళ్ళా మొదలెడదాం."

ఒక్కరూ కదల్లేదు. శైలజ ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని నిలబడింది. చివరికి మరిడమ్మ నోరు విప్పింది. "కోప్పడకమ్మా. పుస్తెలున్న ఆడదాన్ని గాజులు తీసీమంటే ఎలాగ? ఇంటికాడ మగోడున్నాడు కదా."

 సిస్టరు ఇంకోసారి గట్టిగా అనొచ్చు, వీళ్ళు తల ఊపొచ్చు, రేపు ఊళ్ళో మాత్రం గాజులతోనే పరీక్ష చేస్తారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ముప్పై ఊళ్ళలో నాలాంటి వాళ్ళు ఎంతమంది కళ్ళు మూసుకుని "ఆఁ" అంటారో అని నాకు మొదటిసారి భయమేసింది.

అప్పుడు దాలమ్మ మాట్లాడింది. ఆవిడ అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"తియ్యకండమ్మా. నాయి తీసీనప్పుడు నన్నెవులూ అడగనేదు. ఆ తరవాత రెణ్ణెల్లు ఈ సేతులు నాయి కానట్టుండీవి. అన్నం కలుపుకుందారంటే సప్పుడు నేదు, పిల్లకి జడేద్దారంటే సప్పుడు నేదు. ఎవులికీ వద్దది. గాజులు పైకి తోసీసి గుడ్డ సుట్టీండి. పలకవు. పనైపోనాక ఇప్పీసుకోండి."

 నా భుజం మీద కొత్త కండువా ఉంది, మనవరాలి బారసాలకి సింధూరి పెట్టింది. తీసి శైలజ చేతిలో పెట్టాను. "సింపండి" అన్నాను. అది ఎన్ని పేలికలవుతుందో ఎవరికి తెలుసు, సరిపోకపోతే కొట్టులోంచి పాత పంచె తెప్పించాను. పావుగంటలో ముప్పై మంది చేతులకీ తెల్లటి కట్లు. హాలు చూస్తే పెద్ద ప్రమాదం జరిగి అందరూ బతికి బయటపడ్డట్టుంది. మరిడమ్మ చెయ్యి ఆడించి చెవి దగ్గర పెట్టుకుంది. ఏమీ పలకలేదని తృప్తిగా తల ఊపింది.

"మావా, నానే సేస్తాను" అంది శైలజ.

పడుకున్నాను. ఈసారి చెవులు రిక్కించలేదు. కాలి మీదే మనసు పెట్టాను, దేవుడి ముందు పెట్టినట్టు. చాలాసేపైంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మొదలెట్టవేటే?" అన్నాను.

 శైలజ గొంతు వినబడింది, సన్నగా. "ఎనిమిది అయిపోనాయి మావా. మరి రెండే ఉన్నాయి."

ఆ రెండూ తెలిశాయి. తువ్వాలు తియ్యాలనిపించలేదు, కాసేపు అలాగే ఉంచుకున్నాను. అన్నయ్య గుర్తొచ్చాడు. ఆయన్ని అజాగ్రత్త మనిషని ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చింది. ఆయన కూడా నాలాగే, తన కాలు తనకి చెబుతోందనే అనుకుని ఉంటాడు.

సిస్టరు నా పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు కూడా వెతికింది. "పుండు నేదు, పగులు నేదు. మంచి కాళ్ళు బాబూ. నరాలు మొద్దుబారడం మొదలయ్యింది, అంతే. ముందే పట్టుకున్నాం. షుగరు అదుపులో పెట్టుకుని, రోజూ రాత్రి పాదాలు చూసుకుని, వట్టి కాలితో నడవకండా ఉంటే ఈ కాళ్ళు మీతోనే ఉంటాయి. మీరు ఆ ఎండలో శ్రీకూర్మం నడిచుంటే..." అని ఆపేసింది. మిగతాది మా అన్నయ్యని అడిగితే చెబుతాడు.

"మరి మొక్కో?" అన్నాను.

"ఆ సామి తాబేలు సామి కాదేటి బాబూ" అంది మరిడమ్మ. "ఆయనకి నడకల తొందర నేదు. ఎలాగొచ్చినా రానిస్తాడు."

సాయంత్రం సిస్టరు కార్డుల మీద సంతకాలు చేసింది. మొదటి సంతకం దాలమ్మ కార్డు మీద. రేపట్నుంచి ఏ శిక్షణలోనైనా గుడ్డ కట్టుకోవడం ముందు నేర్పిస్తానని, అది దాలమ్మగారు చెప్పిన పద్ధతని చెబుతానని అంది. ఆడవాళ్ళు కట్లు విప్పుకున్నారు. హాలంతా గాజులు గలగలమన్నాయి. మధ్యాహ్నం నుంచీ నా కాళ్ళతో ఆడుకున్నారు కదా, వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ వచ్చి దణ్ణం పెట్టారు. నేను పెద్దమనిషి తరహాలో "దీర్ఘసుమంగళీభవ" అంటూ పోయాను. దాలమ్మ వెనకనే ఉండిపోయింది. ఆవిడ ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి నాకు ఏ పోగూ అక్కర్లేకపోయింది.

నేనే లేచి వెళ్ళాను. "దాలమ్మా, నీ మీద అరిచేను. తప్పు నాది. నీ హస్తవాసి మంచిదమ్మా, ఊరికి కావలసింది అదే" అన్నాను. "నా కాళ్ళు నెలనెలా నువ్వే సూడు. మరొకరు సూస్తే నాను నమ్మను."

"నానైతే నిదానంగా సూస్తాను బాబూ. మీకు కోపం వస్తాది" అంది.

"వస్తాది. అయినా సూడు."

ఆవిడ నవ్వింది. అందరూ వెళ్ళిపోయాక పార్వతికి ఫోను చేశాను. చెప్పాలంటే నోరు రాదు. నలభై ఏళ్ళ సంసారంలో ఓడిపోయానని చెప్పిన అనుభవం లేదు.

"పార్వతీ, డోలోత్సవానికి ఆటో మాటాడు" అన్నాను.

 "మాటాడీసేను" అంది.

"ఎప్పుడు?"

"నాలుగు రోజులయ్యింది."

మళ్ళీ కోపం వచ్చింది. "పరీక్ష ఈ రోజు కదా. అంటే నా కాలి మీద నీకు ముందునుంచే నమ్మకం లేదన్నమాట."

"సోమవారం సాయంత్రం మీరు కొట్టునుంచి ఒంటి సెప్పుతో ఇంటికొచ్చేరు" అంది పార్వతి. "గుమ్మంలో రెండు సెప్పులూ విడిచినట్టు కాళ్ళాడించి లోపలికొచ్చీసేరు. మీకు తెలీలేదు. రెండోది సందు మొదట్లో పడుంది. ఎవరూ సూడకండా ఎల్లి తెచ్చి జత కలిపి పెట్టేను."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే మీరు ఆ కోపంలో సోమవారమే నడక మొదలెట్టీసేవోరు. ఎవరో బయటోళ్ళు సెప్తే వింటారని ఊరుకున్నాను." గొంతు సవరించుకుంది. "ఇంటికి రండి. చీకటి పడకముందే రండి."

ఫోను జేబులో పెట్టుకున్నాను. మేడ మెట్ల మీద కూర్చుని చెప్పులు తొడుక్కున్నాను. రెండు కాళ్ళకీ ఉన్నాయో లేదో వంగి కళ్ళతో చూసుకుని, మెల్లగా ఇంటికి బయల్దేరాను.